కోడ్ ఎవరిది, పేరు ఎవరికి?

అందరికీ నమస్కారం.

నక్షత్రాన్ని ప్రయోగశాలకు తెచ్చుకోలేం. రెండు గెలాక్సీలు ఢీకొంటే చివరికి ఏమవుతుందో కళ్లారా చూడాలంటే కోట్ల ఏళ్లు కూర్చోవాలి. అందుకే మన ఖగోళ భౌతిక రంగంలో చాలామందికి కంప్యూటర్ సిమ్యులేషనే ప్రయోగం, కోడే పరికరం. టెలిస్కోపు వాడినప్పుడు అద్దం ఎంత, డిటెక్టర్ ఏది, ఏ ఫిల్టర్ పెట్టాం అని పేపర్లో పూసగుచ్చినట్టు రాస్తాం. కోడ్ దగ్గరికి వచ్చేసరికి ‘ఫలానా కోడ్ వాడాం’ అని ఒక్క వాక్యంతో సరిపెడతాం. ఈరోజు నా గొడవంతా ఆ ఒక్క వాక్యంతోనే.

గెలాక్సీలు, విశ్వం ఎలా రూపుదిద్దుకున్నాయో లెక్కకట్టే గాడ్జెట్ అనే కోడ్ సంగతే చూడండి. ఫోల్కర్ స్ప్రింగెల్ 2005లో గాడ్జెట్-2 గురించి పేపర్ రాసి, కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు. వెయ్యి కోట్లకు పైగా కణాలతో అదే ఏడాది వచ్చిన మిలీనియం అనే విశ్వ సిమ్యులేషన్ దాని ప్రత్యేక వెర్షన్ మీదే నడిచింది. బయటికిచ్చిన కోడ్‌లో గురుత్వాకర్షణ ఉంది, వాయువుల కదలిక ఉంది. వాయువు చల్లబడటం, నక్షత్రాలు పుట్టడం, సూపర్‌నోవాలు చుట్టూ ఉన్నదాన్ని ఊదేయడం మాత్రం లేవు. గెలాక్సీ కావాలంటే అవన్నీ ఉండాల్సిందే. దాంతో ఏ బృందానికి ఆ బృందం తమ మాడ్యూళ్లు, అంటే కోడ్ ముక్కలు, తాము కలుపుకొంది. తర్వాత గాడ్జెట్-3 వచ్చింది. దానికి బహిరంగ విడుదలా లేదు, విడిగా ఒక పేపరూ లేదు. చేతులు మారుతూ, మారిన ప్రతిచోటా కొంత కొత్త రూపు తెచ్చుకుంటూ తిరిగింది. లెక్కలేనన్ని పేపర్లలో ‘గాడ్జెట్-3, 2005 పేపర్లో వర్ణించిన కోడ్‌కు మెరుగైన రూపం’ అన్న మాట కనిపిస్తుంది. ఆ 2005 పేపర్ తెరిస్తే, మీరు వెతుకుతున్న భాగం అందులో ఉండదు. ఈగిల్ లాంటి పెద్ద సిమ్యులేషన్ ప్రాజెక్టులు తాము ఏం మార్చాయో వివరంగా రాశాయి. అంత ఓపిక అందరికీ లేదు.

దీనివల్ల నష్టమేమిటంటారా? 1999లో శాంటా బార్బరా పోలిక అని ఒకటి వచ్చింది. ఒకే గెలాక్సీ గుచ్ఛం, ఒకే ప్రారంభ స్థితి, 12 కోడ్‌లు. కృష్ణ పదార్థం విషయంలో అన్నీ దాదాపు ఒకే మాట చెప్పాయి. గుచ్ఛం నడిబొడ్డున వాయువు దగ్గర తేడా వచ్చింది. వాయువును కణాలుగా చూసి లెక్కకట్టే కోడ్‌లలో ఎంట్రోపీ (వాయువు ఎంత వేడిగా, ఎంత పలచగా ఉందో కలిపి చెప్పే కొలత) లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతూ పోయింది. చోటును గళ్లుగా విడగొట్టే గ్రిడ్ కోడ్‌లలో ఒకచోట ఆగి చదునైపోయింది. కారణం తేలడానికి ఏళ్లు పట్టింది. 2007లో ఒక బృందం చల్లని మేఘాన్ని వేడి గాలి ప్రవాహంలో పెట్టి, రెండు రకాల కోడ్‌లతోనూ నడిపింది. గ్రిడ్‌లో మేఘం చిరిగి గాలిలో కలిసిపోయింది. అప్పటి కణాల పద్ధతిలో ముద్దలా మిగిలిపోయింది. వాయువులు కలవడాన్ని ఆ పద్ధతే అడ్డుకుంటోంది! ప్రకృతి గురించి మనం చెబుతున్నామనుకున్నది కాస్తా కోడ్ గుణమని తేలింది. లోపల ఏ సమీకరణం ఎలా రాశారో తెలియకపోతే ఇలాంటివి బయటపడవు.

ఇక్కడ కొందరు ఒక వాదన తెస్తారు. ప్రాసెసర్ల సంఖ్య మారిస్తే కూడికలు జరిగే వరుస మారుతుంది, చివరి అంకెలు మారతాయి, గెలాక్సీ లాంటి వ్యవస్థలో ఆ చిన్న తేడాయే పెరిగి పెద్దదవుతుంది, అచ్చం అదే ఫలితం మళ్లీ ఎలాగూ రాదు, ఇక కోడ్ ఇచ్చి ఏం లాభం అని. నిజమే, ప్రతి నక్షత్రం అదే చోట పడదు. పడాలని ఎవరూ అడగలేదు కూడా. వాయువు సాంద్రత ఎంత దాటితే నక్షత్రం పుట్టిందని లెక్కేశారు? దగ్గరికొచ్చిన కణాల మధ్య గురుత్వాన్ని ఎంత దూరం లోపల మెత్తబరిచారు, అంటే బలాన్ని తగ్గించి లెక్కేశారు? ఇవి కోడ్‌కు ఇచ్చే సెట్టింగులుండే ప్యారామీటర్ ఫైల్లో ఒక్కో అంకె. ఆ అంకె మారితే గెలాక్సీ రూపమే మారొచ్చు. నన్నడిగితే, సోర్స్ కోడ్ కంటే ముందు ఆ ఫైల్ ఇవ్వండి అంటాను.

మీసా వాళ్లు ఈ పని పద్ధతిగా పెట్టుకున్నారు. నక్షత్రాల జీవితాన్ని లెక్కకట్టే ఈ కోడ్‌ను మొదలుపెట్టిన బిల్ పాక్స్టన్ అంతకుముందు అడోబీలో పోస్ట్‌స్క్రిప్ట్ అనే ముద్రణ భాషను రూపొందించినవాళ్లలో ఒకరు. సాఫ్ట్‌వేర్ ఎలా బతుకుతుందో తెలిసిన మనిషి. 2011లో తొలి పేపర్ వచ్చింది. కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఫలితం ప్రచురించేటప్పుడు దాన్ని తిరిగి రాబట్టడానికి కావలసిన ఇన్‌లిస్ట్ ఫైళ్లు (మీసా సెట్టింగుల ఫైళ్లు) కూడా బయటపెట్టండి అని వాళ్లు వినియోగదారులను కోరతారు. ‘అడిగితే ఇస్తాం’ అనడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. అడిగే నాటికి ఆ విద్యార్థి ఎక్కడుంటారో, ఆ ఈమెయిల్ పనిచేస్తుందో లేదో!

ఇక పేరు సంగతి. ఉద్యోగానికి వెళ్తే పేపర్లు లెక్కపెడతారు, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే సైటేషన్లు, లెక్కపెడతారు. ఏళ్ల తరబడి బగ్‌లు సరిచేసినవాళ్ల పని ఆ లెక్కలోకి రాదు. అందుకే కోడ్ మీద కూడా పేపర్ రాయడం అలవాటైంది. కానీ పేపర్‌కు ఒక తేదీ ఉంటుంది, ఆ రోజుకి రచయితల జాబితా మూసుకుపోతుంది. తర్వాత చేరినవాళ్ల గతి ఏమిటి? ఖగోళశాస్త్రానికి పైథాన్ లైబ్రరీ చేసే ఆస్ట్రోపై బృందం 2013లో ఒకటి, 2018లో ఒకటి, 2022లో ఒకటి పేపర్ వేసి కొత్తవాళ్ల పేర్లు కలుపుకుంటూ వచ్చింది. చిన్న బృందాలకు అంత తీరిక ఉండదు. వాళ్లకు జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారం చాలు. వెర్షన్ వెర్షన్‌కూ విడిగా డీఓఐ (ఉదహరించడానికి పనికొచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తుంది, ఆ వెర్షన్‌కు పనిచేసినవాళ్ల పేర్లతో. 1999 నుంచి ఉన్న ఆస్ట్రోఫిజిక్స్ సోర్స్ కోడ్ లైబ్రరీలో నమోదు చేస్తే దాన్ని ఉదహరించిన పేపర్లను ఏడీఎస్ అనే ఖగోళ పేపర్ల డేటాబేస్ లెక్కగడుతుంది. దారులున్నాయి. వాడటానికే బద్ధకం.

కోడ్‌ను దాచుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. పీహెచ్‌డీలో సగం కాలం ఒక మాడ్యూల్ మీద పోసిన విద్యార్థి, తన పేపర్లు రాకముందే దాన్ని బయటపెట్టి పెద్ద బృందం చేతిలో వెనకబడిపోవాలా? అక్కర్లేదు. తన ఫలితాలు వచ్చాక ఇవ్వనివ్వండి. ఆరెపో అనే మరో సిమ్యులేషన్ కోడ్ 2010లో పేపర్‌గా వచ్చింది, బహిరంగ వెర్షన్ దాదాపు పదేళ్ల తర్వాత వచ్చింది. ఈలోగా దాంతో చేసిన ఇల్లస్ట్రిస్ అనే సిమ్యులేషన్ డేటాను 2015లోనే లోకానికి ఇచ్చేశారు. అదీ ఒక పద్ధతే. అయితే లైసెన్స్ పెట్టి బహిరంగంగా ఇచ్చేశాక, ‘వాడితే నన్ను సహరచయితగా వేయాలి’ అని పట్టుపట్టడం నాకు నచ్చదు. కూర్చుని సాయం చేస్తే వేరే మాట. అన్నట్టు, లైసెన్స్ పెట్టకుండా కోడ్‌ను ఊరికే నెట్‌లో పడేస్తే, కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా మీ అనుమతి లేకుండా దాన్ని కాపీ చేసే, మార్చి పంచే హక్కు ఎవరికీ ఉండదు. ఇది చాలామందికి తెలియదు.

మరి ఎంత లోతుకు వెళ్లి పేర్లు చెప్పాలి? కోడ్ కింద లైబ్రరీ, దాని కింద ఇంకోటి, అడుగున కంపైలర్. నేను పెట్టుకున్న హద్దు ఇది: దాన్ని మారిస్తే నా గ్రాఫుల్లో గీత కదిలే అవకాశముంటే అది సైటేషన్ జాబితాలోకి, వెర్షన్ నంబరుతో సహా. మిగతావి కృతజ్ఞతల్లోకి. ఈ గీత ఎక్కడ గీయాలో మీలో కొందరికి వేరే అభిప్రాయం ఉంటుందని తెలుసు. ప్రశ్నల సమయంలో ముందు దాంతోనే మొదలుపెడదాం.