బెల్లం రంగు పెనంలో పుట్టదు

అందరికీ నమస్కారం.

రేగిడి, వంగర, రాజాం, సంతకవిటి మండలాల నుంచి చెరకు రైతులు, గానుగలు నడిపేవాళ్ళు, పెనం దగ్గర పాకం చూసే వంటవాళ్ళు ఇవాళ ఇక్కడికి వచ్చారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి మారాయి గాని నాగావళీ, చెరకూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. సంకిలి పంచదార మిల్లుకు దగ్గరున్నవాళ్ళు చెరకు మిల్లుకు తోలుకుంటారు. ఆమదాలవలస, భీమసింగి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మిల్లు అందని చోట గానుగే దిక్కు.

గానుగల దగ్గర తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది. పెనం అదే, వండే మనిషీ అతనే. పొద్దున దింపిన బెల్లం దిమ్మ తేనెరంగులో గట్టిగా వచ్చింది. సాయంత్రం దింపినది నల్లగా, వేలు పెడితే దిగిపోయేలా వచ్చింది. ఎందుకు? చాలామంది తప్పు వంటవాడి మీద వేస్తారు. పదిలో ఏడెనిమిదిసార్లు తప్పు అతనిది కాదు. అది పొలంలోనో, నరికిన గెడలు పడి ఉన్న గట్టు మీదో జరిగిపోయి ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. ఒక పెనానికి 400 కిలోల రసం పోశామనుకోండి. కరెంటు గానుగ, అడ్డంగా మూడు రోలర్లున్నది అయితే 100 కిలోల చెరకుకు 60 నుంచి 65 కిలోల రసం దిగుతుంది. అంటే ఈ పెనానికి సుమారు 645 కిలోల చెరకు కావాలి. రసం బ్రిక్స్, అంటే 100 కిలోల రసంలో కరిగి ఉన్న పదార్థం, 18 ఉంటే అందులో కరిగిన పదార్థం 72 కిలోలు, మిగతాదంతా నీరే. తెట్టులో పోయేది, పెనానికి అంటుకునేది తీసేస్తే చేతికి వచ్చే బెల్లం 70 కిలోలు. ఆవిరి చేయాల్సిన నీరు 320 కిలోల పైమాట. బెల్లం వండడమంటే నిజానికి ఇంత నీటిని, పంచదార విరగకుండా, మాడకుండా బయటికి పంపడమే. అదే రసం బ్రిక్స్ 15 ఉంటే బెల్లం 58 కిలోలకు పడిపోతుంది, ఆవిరి చేయాల్సిన నీరు పెరుగుతుంది, పాకం మంట మీద ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, రంగు ముదురుతుంది. లేత తోట నరికితే దెబ్బ ఒక్కటి కాదు, మూడు.

కాబట్టి తోట పక్వం చూడాలి. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు, అంటే బ్రిక్స్ కొలిచే పరికరం, ఒకటి ఊరికి ఉంటే చాలు. గెడ కింది భాగం నుంచి ఒక చుక్క, పై భాగం నుంచి ఒక చుక్క తీసి చూడండి. రెండూ దాదాపు సమానంగా వస్తే తోట పండినట్టు. కింద 20, పైన 14 వస్తే ఇంకా ఆగాలి. 87ఎ298, అంటే విశ్వామిత్ర లాంటి అనకాపల్లి రకాలు బెల్లానికి బాగుంటాయని మీకు తెలుసు. కానీ ఎంత మంచి రకమైనా తొందరపడి నరికితే లాభం లేదు.

ఇక ఎరువు. నత్రజని నాలుగో నెల దాటాక వేస్తే తోట పచ్చగా, ఏపుగా కనబడుతుంది. రసంలో మాత్రం పంచదార తగ్గి, మాంసకృత్తుల వంటి మలినాలు పెరుగుతాయి. తెట్టు విడవదు, రంగు నల్లబడుతుంది. యూరియా బస్తా మిగిలింది కదా అని వేసేవాళ్ళు ఆ బస్తా ధర బెల్లం ధరలో పోగొట్టుకుంటారు. సముద్రం వైపు చౌడు నేలల్లో, ఉప్పునీటి బోర్ల కింద పండిన చెరకు బెల్లంలో ఉప్పదనం ఉంటుంది. ఆ లవణాలు గాలిలో తేమను లాగుతాయి. ఆ దిమ్మ మొదటి వానకే చెమ్మగిల్లుతుంది. దాన్ని పెనం దగ్గర సరిచేసే మార్గం లేదు. దాచకుండా ముందుగా అమ్ముకోవడమే మేలు.

పడిపోయిన తోట మాట వేరే చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ, అంతకుముందు 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు చెరకు నేలకు అంటుకుపోయింది. అక్టోబరులో పడిన తోటను సంక్రాంతి నాటికి గానుగకు తెస్తే, అప్పటికే కణుపుల దగ్గర పిలకలు వచ్చి, వేళ్ళు దిగి, గెడ తన పంచదారను తానే తింటూ ఉంటుంది. ఎలుక కొరికిన చోట, ఎర్ర కుళ్ళు తెగులు పట్టిన చోట అయితే ఇంకా నష్టం. జడచుట్లు వేసి తోటను నిలబెట్టడం కూలి దండగ అనిపిస్తుంది గాని ఆ ఖర్చు బెల్లంలో తిరిగొస్తుంది. తెగులు గెడను చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యలో అడ్డంగా తెల్ల మచ్చలతో పుల్లటి వాసన వేస్తుంది. అలాంటి గెడలు పది ఒక బండిలో కలిసినా ఆ పెనం పాడే.

పంచదార విరగడమంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి, తర్వాతి తప్పులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. చెరకులోని అసలు పంచదార సుక్రోజు. అది పలుకు కడుతుంది. పులుపు, వేడి, సూక్ష్మజీవులు తగిలితే అది గ్లూకోజు, ఫ్రక్టోజు అని రెండుగా విడిపోతుంది. ఆ రెండూ అంత సులువుగా పలుకు కట్టవు. ఫ్రక్టోజు అయితే గాలిలో నీటిని లాక్కుంటుంది కూడా. బెల్లం గట్టిగా నిలవాలంటే ఆ విరుగుడు, అంటే విరిగిన పంచదార, తక్కువ ఉండాలి. సంక్రాంతికి అరిసెలు వండే ఇంటి ఆడవాళ్ళకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కొన్ని బెల్లాలకు పాకం ఎంత కాచినా ఉండ కట్టదు, అరిసె నూనెలో విచ్చిపోతుంది. పిండిని తిడతారు, తప్పు చాలాసార్లు విరిగిన బెల్లానిది.

నరికిన గెడలో ఈ విరుగుడు గంట గంటకూ పెరుగుతుంది. అందుకే నరికిన 24 గంటల్లోపు గానుగ ఎక్కాలి. ఫిబ్రవరి చివరికి, మార్చిలో ఎండలు ముదిరాక అంత వ్యవధి కూడా లేదు. ఆకు కప్పి నీడలో ఉంచండి, అంతేగాని ముందురోజు మూడు బళ్ళు నరికి పారేసి గానుగ వంతు కోసం కూర్చోవద్దు. పొద్దున దిమ్మ, సాయంత్రం దిమ్మ తేడాకు సగం కారణం ఇదే. సాయంత్రం ఆడినది నిన్నటి చెరకు. మిగతా సగం రోలర్ల మీద, రసం తొట్టిలో, గొట్టంలో పేరుకున్న జిగురు. పొద్దున్నుంచి ఎండలో ఉన్న ఆ జిగురంతా సూక్ష్మజీవుల పుట్ట. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వేడినీళ్ళతో కడగాలి. పది నిమిషాల పని. చాలా గానుగల్లో జరగనిది ఇదొక్కటే.

నరకడంలోనూ మెలకువ ఉంది. మొదలు దగ్గరి కణుపుల్లోనే తీపి ఎక్కువ, అందుకని నేలకు ఆనించి నరకాలి. మొవ్వను, అంటే గెడ కొనను, ఎత్తుగా వదలకుండా కొట్టేయాలి. మొవ్వ రసంలో తీపి తక్కువ, విరుగుడూ లవణాలూ ఎక్కువ.

రసాన్ని సన్నని జాలీలో, తర్వాత గుడ్డలో వడకట్టి, కాసేపు తొట్టిలో తేరనిచ్చి పైరసం పెనానికి వదలండి. అడుగున మట్టి, పిప్పి నలుసు మిగులుతాయి. అలాగని గంటలు ఉంచితే పులుస్తుంది. పెనాన్ని మూడో వంతు ఖాళీగా ఉంచాలి, లేకపోతే పొంగు బయటికే.

ఇప్పుడు సున్నం. చెరకు రసం స్వతహాగా పుల్లనిది, పులుపు చెప్పే కొలత పీహెచ్ 5.2, 5.4 దగ్గర ఉంటుంది (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఆ పులుపుతో మూడు గంటలు కాగితే పంచదార విరుగుతుంది. సున్నపు తేట పోసి 6 నుంచి 6.4 మధ్యకు తెస్తే విరుగుడు తగ్గుతుంది, మలినాలు గడ్డకట్టి తెట్టుగా పైకి వస్తాయి, దిమ్మ గట్టిపడుతుంది. తేట అని ఎందుకు అంటున్నానంటే, సున్నం ముద్ద వేస్తే అది ఒక్కచోటే కరిగి అక్కడ రసం నల్లబడుతుంది. ముందురోజే సున్నం నానబెట్టి, కలిపి, వడకట్టుకుని గ్లాసు గ్లాసుగా పోస్తూ కలపాలి, మధ్యమధ్య పీహెచ్ కాగితం ముంచి చూడాలి. కాగితం లేనివాళ్ళు పసుపుతో చూస్తామంటారు. పసుపు ఎర్రబడిందంటే 7 దాటి 8కి పోయినట్టు, అప్పటికి ఆలస్యమైపోయింది. సున్నం ఎక్కువైతే విరిగిన పంచదారలు క్షారంలో కుళ్ళి నల్లటి రంగునిస్తాయి, బెల్లం చేదెక్కుతుంది. రంగు రావాలని సున్నం పెంచేవాళ్ళకు దక్కేది నలుపే.

తెట్టు తీయడం వంటలో అన్నిటికంటే పెద్ద పని. మొదట సన్నని మంట పెట్టాలి. రసం మరగకముందే, ఆవిరి లేచే వేడిలో, నల్లటి మందపాటి తెట్టు తేలుతుంది. అది మరుగులో కలిసిపోతే మళ్ళీ పైకి రాదు. మంట ఎగదోసే మనిషీ, చిల్లుల గరిట పట్టిన మనిషీ మాట కలుపుకుని పనిచేయాల్సింది ఆ అరగంట. బెండ కాడలు ఒకటి రెండు కిలోలు నలగ్గొట్టి బకెట్టు నీళ్ళలో పిసికితే జిగురు వస్తుంది. ఆ జిగురునీళ్ళు వడకట్టి, రసం గోరువెచ్చ దాటాక కొంత, మొదటి తెట్టు తీశాక మిగతాది పోయండి. జిగురు ఉడికి, సన్నని మలినాలను పట్టుకుని పైకి తెస్తుంది. బెండ దొరక్కపోతే ఆముదం గింజల పాలో, వేరుశనగ పాలో వాడే పద్ధతి కూడా ఉంది. ఎరువు సూపర్ ఫాస్ఫేటు మాత్రం పెనంలో పోయకండి. అది మొక్కకు తిండి, మనిషికి కాదు. రెండో తెట్టు తేలికగా, బూడిద రంగులో వస్తుంది. అదీ పోయాక రసం తేటపడుతుంది, అప్పుడు మంట గట్టిగా ఎగదోయాలి. ఇక్కడ నెమ్మది చేస్తే నష్టం, ఎంత త్వరగా చిక్కబడితే రంగు అంత నిలుస్తుంది.

పొంగు పైకి లేచినప్పుడు చెంచా నూనె చాలు. చిక్కబడ్డాక మంట తగ్గించి తెడ్డుతో అడుగు కలపాలి. వంటవాళ్ళు చన్నీళ్ళలో పాకం వేసి చూస్తారు. ఉండ గట్టిగా కట్టి, గిన్నెకు కొడితే టక్కుమంటే దింపుతారు. చెయ్యి తిరిగినవాళ్ళకు అది చాలు, కానీ రాత్రిపూట, అలసిన మనిషికి తప్పుతుంది. 200 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు కొనుక్కోండి. పాకం చిక్కబడేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది, కాబట్టి వేడే చిక్కదనం చెబుతుంది. 105, 106 డిగ్రీల దగ్గర దింపితే సీసాలో పోసుకునే పానకం, అంటే ద్రవ బెల్లం. 116 నుంచి 118 దగ్గర దిమ్మ. 120 దాటాక బెల్లం పొడికి పనికొస్తుంది. 114లో దింపిన దిమ్మ మెత్తబడుతుంది, 122 దాటనిచ్చిన పాకం మాడు వాసన పడుతుంది. మధ్యలో ఉన్నది కొన్ని నిమిషాలే. పెనం దింపాక కూడా దాని వేడి పాకాన్ని కాస్త ముందుకు తోస్తుంది, అది లెక్కలో పెట్టుకుని దించాలి.

చెక్క పళ్ళెంలో పోశాక ఆగి ఆగి కలపాలి. పలుకు మొదలయ్యేదాకా అవసరమే. అతిగా రుద్దితే గాలి చేరి పైకి తెల్లగా కనిపిస్తుంది, దిమ్మ బోలుగా ఉండి తేమ త్వరగా తాగుతుంది. జారుడు తగ్గి, తెడ్డు గీత క్షణం నిలబడ్డప్పుడు తడిగుడ్డ పరిచిన అచ్చుల్లో పోయండి.

ఇక అందరూ ఎదురుచూసే మాట, హైడ్రోస్, అంటే బెల్లం రంగు తేల్చడానికి వేసే సోడియం హైడ్రోసల్ఫైటు పొడి. మార్కెట్లో పసుపు దిమ్మకు ధర పలుకుతుంది, నల్లబెల్లమంటే కొనేవాడికి సారా బట్టీ గుర్తొస్తుంది. రైతు మీద ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోందో దాచడం అనవసరం. కానీ ఆ పొడి చేసే పని ఏమిటి? ఉన్న రంగును కొన్నాళ్ళు చెరిపేస్తుంది, అంతే. గాలి తగిలి కొన్ని వారాల్లో రంగు తిరిగొస్తుంది, పసుపు దిమ్మ గోధుమరంగులోకి, పైన మచ్చలుగా మారుతుంది. దాని గంధకం బెల్లంలో మిగిలిపోతుంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములు మించకూడదు, చేత్తో గుప్పెడు విసిరేవాడికి ఆ 70 ఎక్కడుందో తెలియదు. అవే ప్రమాణాలు దిమ్మలో తేమ 10 శాతానికి, కరగని మలినాలు 2 శాతానికి మించకూడదని, సుక్రోజు 60 శాతానికి తగ్గకూడదని చెబుతాయి. కొనేవాళ్ళకూ ఒక మాట. నల్లగా ఉంటే చాలు సేంద్రియమని రెట్టింపు ధర పెట్టే పట్నం అలవాటు కూడా సరికాదు, మాడిన బెల్లమూ నల్లగానే ఉంటుంది. ముక్క నీళ్ళలో కరిగించి చూడండి. సుద్దపొడి కలిస్తే తెల్లగా అడుగున పేరుతుంది. చాకలి సోడా కలిస్తే నిమ్మరసం పిండగానే బుసబుస పొంగుతుంది.

పొయ్యి సంగతి. మన 645 కిలోల చెరకు నుంచి పచ్చి పిప్పి 245 కిలోలు వస్తుంది, అందులో సగం నీరే. ఎండితే 135 కిలోలు మిగులుతుంది. 70 కిలోల బెల్లానికి 135 కిలోల పిప్పి, అంటే కిలోకు రెండు కిలోల లోపు. పొగగొట్టం లేని, గాలి సరిగా ఆడని ఒంటిపెనం పొయ్యికి ఇది చాలదు, చెరకు ఆకో కట్టెలో తోడు కావాలి. అడుగున ఇనుప చువ్వల జల్లెడ పెట్టి గాలి కిందినుంచి వచ్చేలా, పొగ రెండో పెనం కిందుగా పోయి రసాన్ని ముందే వేడిచేసేలా కట్టిన పొయ్యికి అదే పిప్పి సరిపోతుంది. పిప్పిని పచ్చిగా ఎగదోస్తే దానిలోని నీటిని కాచడానికే సగం మంట పోతుంది. వంట సాగుతుంది, పాకం ముదురుతుంది, రంగు పోతుంది. ఆరబెట్టే కల్లం లేనివాళ్ళు సీజనుకు ముందు దాని కోసమే రెండు సెంట్ల చోటు చూసుకోండి.

దిమ్మలు పూర్తిగా ఆరకుండా కట్టకట్టొద్దు, లోపలి ఆవిరి దిమ్మ మీదే చెమర్చుతుంది. ఇంట్లో వాడుకకు చిన్న అచ్చులు గాలి దూరని పాలిథిన్ సంచిలో మూతి బిగించి, ఎండిన కుండలోనో డబ్బాలోనో పెట్టుకోండి. ఎక్కువ సరుకైతే ఎండు తాటాకు పరిచి, గోడకు జానెడు ఎడం ఉంచి, నేలకు ఆనకుండా చెక్కల మీద పేర్చాలి. ఆషాఢం, శ్రావణాల్లో గది తలుపులు తెరిచి "గాలి తగలనిద్దాం" అనుకుంటారు. ఆ నెలల్లో గాలే తడి. అప్పుడు మూసే ఉంచి, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ఒక గంట తెరిస్తే చాలు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పీహెచ్ కాగితాలు, థర్మామీటరు ఈ బల్ల మీదే ఉన్నాయి. రసం సీసాలో తెచ్చినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడే చూద్దాం.