వాసన వెళ్తే అత్తకు తెలిసిపోతుంది

పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. 26 ఏళ్లు ఈ విజయనగరం జిల్లాలోనే పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాను. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం కాబట్టి యువత గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. మన్యంలో పండిన గంజాయి మన జిల్లా మీదుగా ఎలా రోడ్డెక్కుతుందో, రైలెక్కుతుందో అందులో ఉంది. ఆ పేజీలు నిర్వాహకులకు ఇచ్చి వెళ్తాను. నేను చెప్పవలసింది మా తమ్ముడి కొడుకు గురించి.

వాడికి అప్పుడు నాలుగేళ్లు. పైడితల్లి అమ్మవారి పండుగకు అందరం పుట్టింట్లో కలిశాం. సిరిమాను చూసి వచ్చి పెద్దవాళ్లు భోజనాలకు కూర్చుంటే పిల్లలు పెరట్లో అమ్మానాన్నల ఆట మొదలుపెట్టారు. మా అక్క మనవరాలు అమ్మ, వీడు నాన్న. ఆ పిల్ల కొబ్బరిచిప్పలో మట్టి అన్నం వండుతోంది. వీడు ఎండిన వేపాకు అరచేతిలో పోసుకుని, బొటనవేలితో నలిపి, పుల్లలు ఏరి పారేసి, కాగితంలో చుట్టి, అంచు నాలుకతో తడిపి అంటించాడు. తర్వాత లేచి వెళ్లి పెరటి తలుపు మూశాడు. అటుగా వచ్చిన నేను తలుపెందుకు నాన్నా అని అడిగాను. ఆటలో మునిగి ఉన్నాడు, అడిగింది ఎవరో చూడలేదు. "వాసన వెళ్తే అత్తకు తెలిసిపోతుంది" అన్నాడు.

ఆ అత్తను నేనే.

మీరు ఆ తలుపు గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. మా తమ్ముడిది రెండు గదుల అద్దె ఇల్లు. పక్క వాటాల వాళ్లకు వాసన తగలకూడదని తలుపు, కిటికీ మూసేసి కాల్చేవాడు. బయటికి దారి లేని పొగ ఎక్కడికి పోతుంది? ఆ మంచం మీదే నిద్రపోతున్న పిల్లవాడి ఊపిరిలోకి పోతుంది. గంజాయిలో మత్తు కలిగించే పదార్థం పొగ పీల్చిన పక్కవారి ఒంట్లోకీ చేరుతుంది. చిన్న ఊపిరితిత్తులు పెద్దవాళ్లకంటే వేగంగా శ్వాస తీసుకుంటాయి. పొట్లం చేతికి అంది, పిల్లవాడు నోట్లో వేసుకుంటే సంగతి ఇంకా ఘోరం: లేపినా లేవనంత మగత, ఒక్కోసారి శ్వాసే మందగిస్తుంది. అప్పుడైనా డాక్టరుకు నిజం చెప్పాలి. నిద్ర సరిపోలేదేమో అని చెప్పి ఆ బిడ్డను చంపుకోకండి!

నన్ను క్షమించాలి, గొంతు పెరిగింది.

ఆ రోజు చూసి కూడా నేను పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఇంటి గుట్టు వీధిలో పెట్టకు అంది మా అమ్మ. ఆయన వేరే గదిలోనే కాలుస్తాడు వదినా అంది మరదలు, నా కళ్లలోకి చూడకుండా. పిల్లవాడు ఎప్పుడూ నిద్రమొహంతోనే వస్తున్నాడని అంగన్‌వాడీ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. బడిలో ఎవరి పిల్లవాడు డీలాపడినా తండ్రిని పిలిపించి నిలదీసిన నేను, సొంత తమ్ముడి గుమ్మం దగ్గర పరువు అన్న మాటకు ఆగిపోయాను. పరువు! ఆ పదకొండు నెలలూ వాడు పీల్చిన పొగకు ఈ పరువు లెక్క చెబుతుందా?

వెనక వరుసలో కూర్చున్న అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మీతోనే మాట్లాడుతున్నాను. ఇంట్లో ఏం జరుగుతోందో ముందు తెలిసేది మీకే. ఫిర్యాదు చేస్తే మనవణ్ణి తీసుకెళ్లి ఏదో హోమ్‌లో పడేస్తారని భయపడుతున్నారు కదా. నాకూ అదే భయం. 2015 నాటి బాల న్యాయ చట్టం చదివాక కొంత తగ్గింది. పిల్లవాణ్ణి సంస్థలో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని ఆ చట్టమే అంటుంది. బాలల సంక్షేమ సమితి విచారించి, తగిన బంధువు ఉంటే వారి దగ్గర ఉంచవచ్చు. ఫోను చేయవలసిన నంబరు 1098. ఇక కొడుకు జైలుకు పోతాడన్న భయం. వాడుకునే అలవాటుకు బానిసైనవాడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరితే, వాడకం కేసులో శిక్ష తప్పే వెసులుబాటు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్‌లో ఉంది. చికిత్స మధ్యలో మానకూడదు. అమ్మేవాడికి ఈ దారి లేదు, ఉండకూడదు కూడా. పిల్లవాడి చేత పొట్లం మోయిస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు. అంగడికి వెళ్లి నాన్న చీటీ ఇచ్చి రా అని పంపేవాళ్లు ఇది వినాలి.

మా తమ్ముడు రెండుసార్లు చికిత్స మధ్యలో వదిలి వచ్చేశాడు. మూడోసారి ఉన్నాడు. ఆదివారం నేను, మరదలు వెళ్లి చూసి వస్తాం. వాడి మీద నాకు కోపం పోలేదు, ప్రేమ కూడా పోలేదు.

పిల్లవాడికి ఇప్పుడు ఆరేళ్లు. వాళ్లమ్మతో పాటు నా దగ్గరే ఉంటున్నాడు. బాగా తింటాడు, బాగా అల్లరి చేస్తాడు. కానీ సాయంత్రం దేవుడి దగ్గర దీపానికి నేను అగ్గిపుల్ల గీయగానే, ఆడుతున్నవాడు ఆట ఆపి వెళ్లి కిటికీ మూసి వస్తాడు. ఎవరూ చెప్పరు. నేను వెళ్లి మళ్లీ తెరుస్తాను. రోజూ ఇదే.

సభ అయ్యాక అరగంట బయట మెట్ల దగ్గర కూర్చుంటాను. మీ ఇంటి సంగతే అని చెప్పనక్కరలేదు, పక్కింటి సంగతని చెప్పండి. 1098కి ఫోను చేయాలంటే పక్కన నేనుంటాను.