చేతికిచ్చారు, ఛాతీ మీద వద్దన్నారు

హోస్ట్: నమస్తే అండీ. ఇవాళ ఒక మెడల్ గురించి మాట్లాడుకుందాం. పేరు పింగట్ జాసా మలేషియా. తమ దేశంలో పనిచేసిన బ్రిటన్ సైనికులకి మలేషియా ప్రభుత్వం ఇస్తానంది. బ్రిటన్ ప్రభుత్వమేమో 2006 జనవరిలో, తీసుకోండి కానీ పెట్టుకోవద్దు అంది. ఆ అనుమతి కోసం డెబ్బై ఏళ్లు దాటిన మనుషులు పోరాడాల్సి వచ్చింది. నాతో మా బాబాయ్ ఉన్నారు, సైన్యంలో సుబేదార్‌గా రిటైరయ్యారు. బాబాయ్, ఇది వినగానే మీకేమనిపించింది?

బాబాయ్: విస్తట్లో వడ్డించి ముట్టుకోవద్దన్నట్టుందమ్మా. మెడల్ అంటే పెట్టెలో దాచుకోడానికి కాదు కదా. నవంబర్లో లండన్‌లో సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం దగ్గర వాళ్లు పరేడ్ చేస్తారు, చనిపోయిన తోటివాళ్లని తలుచుకుంటారు. ఆ రోజు ఛాతీ మీద లేనిది ఇంకెప్పుడు ఉండాలి?

హోస్ట్: అసలు వీళ్లు అక్కడికి ఎందుకు వెళ్లారో కొంచెం చెప్పండి.

బాబాయ్: 1948 జూన్‌లో మలయాలో, అంటే అప్పట్లో బ్రిటన్ పాలనలో ఉన్న ఇప్పటి మలేషియా ప్రాంతంలో, పేరాక్ రాష్ట్రంలో సుంగై సిపుట్ దగ్గర ముగ్గురు తెల్ల ప్లాంటర్లని, అంటే తోటల ఎస్టేట్లు నడిపేవాళ్లని, కమ్యూనిస్టు గెరిల్లాలు కాల్చి చంపారు. దాంతో ఎమర్జెన్సీ పెట్టారు. పన్నెండేళ్లు నడిచింది. మధ్యలో 1957 ఆగస్టు 31న మలయాకి స్వాతంత్ర్యం వచ్చింది, దాన్నే వాళ్లు మెర్దెకా అంటారు. అయినా బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి కామన్వెల్త్ దేశాల సైన్యాలు వెనక్కి రాలేదు. కొత్త దేశం ఉండమంది, ఉన్నారు. 1960లో ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఆ తర్వాత ఇండోనేషియాతో గొడవ, బోర్నియో దీవి అడవుల్లో 1966 దాకా. ఈ మెడల్ 1957 నుంచి 1966 వరకూ చేసిన సర్వీసుకి. అంటే స్వతంత్ర దేశం తన కోసం నిలబడ్డవాళ్లకి చెప్పిన థాంక్స్ అది.

హోస్ట్: ఆ ఎస్టేట్లలో మనవాళ్లు కూడా ఉన్నారు కదా.

బాబాయ్: ఎందుకు లేరు! ఎక్కువమంది తమిళులే గానీ, మా విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. పేరాక్‌లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. అప్పట్లో అడవి అంచున బతుకు చాలా కష్టం. గెరిల్లాలకి తిండి అందకూడదని బియ్యానికి రేషన్ పెట్టారు. కొట్లో డబ్బా సరుకు కొంటే, కొట్టువాడు అక్కడే డబ్బాకి చిల్లు పెట్టి ఇవ్వాలి. చిల్లు పడితే నిలవ ఉండదు, అడవిలోకి పంపలేరు. ఒక పక్క తుపాకీ పట్టినవాడు బియ్యం అడుగుతాడు, ఇంకో పక్క పోలీసు సోదా చేస్తాడు. నలిగిపోయింది కూలివాళ్లే.

హోస్ట్: ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1948 డిసెంబర్‌లో బతాంగ్ కాలీ దగ్గర బ్రిటిష్ సైనికులు ఆయుధాల్లేని 24 మందిని కాల్చేశారు.

బాబాయ్: తప్పకుండా చెప్పాలి. అది దారుణం, ఆ కుటుంబాలకి న్యాయం జరగలేదు. ఈ మెడల్ లెక్క దాని తర్వాత తొమ్మిదేళ్లకి మొదలవుతుంది. వెళ్లినవాళ్లలో చాలామంది నేషనల్ సర్వీసు కింద బలవంతాన చేర్చుకున్న కుర్రాళ్లు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు. జలగలు, వాన, కుళ్లిపోయే బూట్లు. వాళ్లకి మలేషియానే పిలిచి గౌరవం ఇస్తుంటే మధ్యలో సొంత ప్రభుత్వం అడ్డం పడటం ఏంటి?

హోస్ట్: వాళ్లు చెప్పిన కారణాలేంటి?

బాబాయ్: రెండు రూల్సు. ఐదేళ్లకి ముందు జరిగిన సర్వీసుకి ఇప్పుడిచ్చే విదేశీ మెడల్ ఒప్పుకోరు. ఒకే సర్వీసుకి బ్రిటన్ మెడల్ ఇచ్చుంటే రెండోది ఒప్పుకోరు. మొదటి ఎలిజబెత్ రాణి, నా కుక్కల మెడలో నా పట్టీయే ఉండాలి అందని చెప్పుకుంటారు. ఆ ఆలోచనే ఇంకా నడుస్తోంది.

హోస్ట్: రూలు రూలే కదా అని ఎవరైనా అంటే?

బాబాయ్: అనొచ్చు. కానీ సూయజ్ కాలువ దగ్గర 1951 నుంచి 54 దాకా పనిచేసినవాళ్లకి బ్రిటనే 2003లో మెడల్ ఇచ్చింది. యాభై ఏళ్ల తర్వాత! తమ మెడల్‌కి అడ్డురాని కాలం పరాయి దేశం మెడల్‌కి అడ్డొచ్చిందా? రెండో రూలు ఇంకా అన్యాయం. 1960లో ఎమర్జెన్సీ అయిపోయాక, బోర్నియో గొడవ మొదలవకముందు మలయాలో పనిచేసినవాళ్లకి ఆ సర్వీసుకి బ్రిటన్ మెడలే లేదు. ఇక రెండోది ఎక్కడిది?

హోస్ట్: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సంగతి?

బాబాయ్: వాళ్లు హాయిగా పెట్టుకున్నారు! ఇదే అడవి, ఇదే మెడల్. ఆ మూడు దేశాలకీ అప్పట్లో రాణి కూడా ఒకరే. పెర్త్‌లో ఉన్న ముసలాయన పెట్టుకునేవాడు, అతని పక్కనే గస్తీ తిరిగిన లివర్‌పూల్ ఆయన పెట్టుకోకూడదన్నారు. ఇంకోటి విను. 2007లో మెర్దెకాకి యాభై ఏళ్లు. ఆ వేడుకలకి మలేషియా వెళ్లినవాళ్లు అక్కడున్న కొద్ది రోజులూ పెట్టుకోవచ్చన్నారు. తిరుగు విమానం దిగాక తీసేయాలి.

హోస్ట్: అది మరీ బాధాకరం. వాళ్లు ఎలా పోరాడారు మరి?

బాబాయ్: ఓపికతో. ఎంపీలకి ఉత్తరాలు, పార్లమెంటులో ప్రశ్నలు, సమాచార చట్టం కింద, మెడళ్ల సంగతి తేల్చే ప్రభుత్వ కమిటీ కాగితాలు అడగడం. చివరికి 2011లో అనుమతి వచ్చింది. కానీ ఆ ఐదారేళ్లలో ఎంతమంది పోయుంటారో చెప్పు. ఆ వయసులో ఒక్కో ఏడాదీ చాలా విలువైనది. నాకు కోపమొచ్చేది అక్కడే. అనుమతి ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు.

హోస్ట్: మన దగ్గర ఈ పద్ధతి ఎలా ఉంటుంది?

బాబాయ్: రాజ్యాంగం 18వ అధికరణం విదేశీ బిరుదులు వద్దంటుంది. మన ప్రభుత్వం కూడా సైనిక, విద్యా గౌరవాలు తప్ప బిరుదులు ఇవ్వకూడదంటుంది. ఐక్యరాజ్యసమితి మిషన్లకి వెళ్లినవాళ్లం ఆ మెడల్ మా మెడళ్ల వరసలోనే పెట్టుకుంటాం. నేను సోమాలియా వెళ్లొచ్చాను కదా, 26 జనవరికి ఊళ్లో బడికి పిలిచినప్పుడు పిల్లలు వేలు పెట్టి అడిగేది ముందు ఆ నీలం రిబ్బన్ గురించే. ఇదేంటి తాతా, ఎక్కడిచ్చారు అని. అప్పుడు సోమాలియా గురించి చెప్తాను. అది బీరువాలో ఉంటే ఎవరడుగుతారు?

హోస్ట్: మలేషియా మెడల్‌తో ఈ కథ ఆగలేదు కదా?

బాబాయ్: లేదు. రెండో ప్రపంచయుద్ధంలో మంచు సముద్రం మీదుగా రష్యాకి సరుకు చేరవేసిన నావికులకి రష్యా ఉషకోవ్ మెడల్ ఇస్తానంది. 2012లో మళ్లీ అవే రెండు రూల్సు చూపించి వద్దన్నారు. వాళ్లందరికీ ఎనభై తొంభై ఏళ్లు. ఊరంతా గోల చేస్తే 2013లో ఒప్పుకున్నారు. అప్పటికి మలేషియా మెడల్ దారి చూపించేసింది గదా. నా మాట ఒక్కటేనమ్మా: తీసుకోవచ్చు అన్న ఉత్తర్వులోనే పెట్టుకోవచ్చు అని కూడా రాయాలి. రెండిటికీ మధ్య ఒక్క రోజు కూడా ఉండకూడదు.

హోస్ట్: థాంక్స్ బాబాయ్. వింటున్నవాళ్లకి ఒక మనవి. మీ ఇళ్లల్లో మలయా తోటల్లో పనిచేసిన పెద్దవాళ్లు, వాళ్ల పిల్లలు ఉంటే, ఆ ఎమర్జెన్సీ రోజుల గురించి అడిగి, ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.