డిస్ట్రో సంగతి తర్వాత, ముందు మీ చేతి అలవాటు సంగతి చూద్దాం

[కెమెరా వైపు చూస్తూ]

"లైనక్స్‌కి మారదామనుకుంటున్నా, ఏ డిస్ట్రో మంచిది?" ఎవరు మొదలుపెట్టినా ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. (లైనక్స్ అంటే విండోస్‌కి బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, డిస్ట్రో అంటే దాని రకాల్లో ఒకటి.) పదిమంది పది పేర్లు చెబుతారు, తర్వాత వాళ్లలో వాళ్లే పోట్లాడుకుంటారు. అడిగినాయన హడలిపోయి విండోస్‌లోనే ఉండిపోతాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటుంది, ప్రాసెసర్ తన జాబితాలో ఉండాలంటుంది. అందుకని నిక్షేపంగా నడుస్తున్న కంప్యూటర్లు కూడా బయటే ఉండిపోయాయి. దాంతో ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది.

డిస్ట్రో పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని, గత నెల రోజుల్లో మీరు వాడిన ప్రోగ్రాములన్నీ రాయండి. బ్రౌజర్, వీఎల్‌సీ, జూమ్, టెలిగ్రామ్ లాంటివైతే దిగులు లేదు, అన్నీ దొరుకుతాయి. ఫోటోషాప్‌కి లైనక్స్ వెర్షన్ లేదు. కంప్యూటర్‌లో వేసుకునే ఎంఎస్ ఆఫీస్‌కీ లేదు. లిబ్రేఆఫీస్ వర్డ్ ఫైళ్లను తెరుస్తుంది, మామూలు ఉత్తరాలకు బాగుంటుంది. టేబుళ్లు, మాక్రోలు నిండిన ఫైలైతే అటూ ఇటూ కదిలిపోతుంది. ఆటల్లో చాలావరకు వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చిన ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపించేది) పుణ్యమా అని నడుస్తాయి. వాలరెంట్ మాత్రం నడవదు, ఆటలో మోసాలు పట్టే దాని యాంటీ-చీట్ ఒప్పుకోదు.

మీకు తిండి పెట్టేది ఫోటోషాపే అయితే మారొద్దు. అంతే. "వైన్‌లో ఎలాగోలా నడిపించెయ్" అని (వైన్ అంటే విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపించేది) సలహా ఇచ్చేవాళ్లు మీ డెడ్‌లైన్ రోజున ఫోనెత్తరు.

[స్క్రీన్‌పై: ఖాళీ గోడ, పక్క గోడకు స్విచ్‌బోర్డు]

కాగితం చూసుకున్నారు, పర్లేదనిపించింది. ఇప్పుడు అసలు కష్టం. ఇల్లు మారిన మొదటి రాత్రి లైటు వేయాలంటే మీ చెయ్యి ఎటు పోతుంది? పాత ఇంట్లో స్విచ్ ఎటు ఉందో అటే పోతుంది. కొత్త ఇంట్లో స్విచ్ లేక కాదు, వేరే గోడకు ఉంది. "లైనక్స్ కష్టం" అనేవాళ్లలో సగానికి సగం మంది చెప్పేది ఈ గోడ సంగతే.

ఒక స్విచ్ చూపిస్తా. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఏదో కాపీ చేద్దామని కంట్రోల్-సీ కొడతారు. కాపీ కాదు సరికదా, నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆ మీట అక్కడ చేసే పనే అది. కాపీకి షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి.

అన్నిటికంటే పెద్ద స్విచ్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం. విండోస్‌లో మన అలవాటేంటి? బ్రౌజర్ తెరువు, పేరు వెతుకు, పైన కనిపించిన సైటు నొక్కు, ఈఎక్స్ఈ దించు, నెక్స్ట్ నెక్స్ట్ నెక్స్ట్. ఇంటి భాషలో చెప్పాలంటే, ముక్కూ మొహం తెలియని మనిషి పెట్టెతో వచ్చి తలుపు కొడితే లోపలికి రానిచ్చి, "బీరువా తాళాలు ఇవిగోండి" అంటున్నాం. పైగా ఆ పైన కనిపించిన సైటు ఒక్కోసారి అసలు సైటే కాదు, డబ్బిచ్చి పైకెక్కిన ప్రకటన. విండోస్‌లోనూ స్టోర్ ఉంది, కమాండ్‌తో ప్రోగ్రాములు వేసే విన్‌గెట్ ఉంది. కానీ చెయ్యి బ్రౌజర్ మీదికే పోతుంది కదా!

లైనక్స్ ఇంట్లో ఒక స్టోర్‌రూమ్ ఉంటుంది. దాని పేరు రిపాజిటరీ. డిస్ట్రో నడిపేవాళ్లే ప్రోగ్రాములను అందులో సర్ది, డిజిటల్ సంతకం చేసి పెడతారు. మీరు సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి వీఎల్‌సీ అని కొట్టి ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. సంతకం సరిపోతేనే అది లోపలికి వస్తుంది. దానికి కావలసిన చిన్నాచితకా లైబ్రరీలు కూడా వెంటే వస్తాయి. అప్‌డేట్ రోజున సిస్టమ్, అందులోంచి వేసుకున్న ప్రోగ్రాములు అన్నీ కలిపి ఒకేసారి అప్‌డేట్ అవుతాయి. ఒక్కో ప్రోగ్రాం మీ పని మధ్యలో లేచి "నాకు కొత్త వెర్షన్ వచ్చింది" అని అరవదు. నేను లైనక్స్‌ని వదలకపోవడానికి సగం కారణం ఈ ప్రశాంతతే.

స్టోర్‌రూమ్‌లో లేనిదాని కోసం ఫ్లాట్‌హబ్ అనే లైనక్స్ యాప్ స్టోర్ ఉంది, అక్కడ వెతకండి. అక్కడా లేకపోతే అప్పుడు బ్రౌజర్. ఈ వరస తప్పకండి.

మరి అందరూ కమాండ్లు కొట్టమంటారేం? సలహా చెప్పేవాళ్లకు అది సులువు, అంతే. "ఎడమ మూల నొక్కు, మూడో బొమ్మ చూడు" అంటే ఒక్కో డెస్క్‌టాప్‌లో ఒక్కోలా ఉంటుంది. ఒక్క లైను కమాండ్ అయితే అతికించి ఎంటర్ కొడితే సరి. కానీ ముందు "సుడో" అని ఉంటే ఆగండి. అది బీరువా తాళం, ఆ కమాండ్‌కి సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇస్తుంది. ఆ లైను ఏం చేస్తుందో తెలియకుండా అతికించొద్దు. ఇంకోటి, చాలా డిస్ట్రోల్లో అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పాడవలేదు, కొడుతూ పోండి.

సీ డ్రైవ్, డీ డ్రైవ్ ఏవని వెతుకుతారు. (సీతో ఎందుకు మొదలైందంటే, ఏ, బీ అక్షరాలు ఫ్లాపీలకు ఇచ్చేశారు. ఫ్లాపీలు పోయాయి, సీ మాత్రం కదల్లేదు.) లైనక్స్‌లో ఒకటే సింహద్వారం, పేరు స్లాష్ (/). గదులన్నీ దాని లోపలే. పెన్‌డ్రైవ్ పెట్టినా అది లోపల ఒక గదిగానే తెరుచుకుంటుంది. హోమ్ అనేది మీ గది. దాన్ని వేరే పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో విడిగా చేసిన భాగంలో పెట్టుకుంటే, రేపు డిస్ట్రో మార్చినా మీ సామాను కదలదు.

ఇప్పుడు అడగండి ఏ డిస్ట్రో అని. పునాది అన్నిటికీ ఒకటే, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ. తేడా స్టోర్‌రూమ్ ఎవరు చూస్తారు, కొత్త సరుకు ఎన్నాళ్లకోసారి వస్తుంది, గోడలకు రంగేంటి అన్నదే. విండోస్ నుంచి వచ్చేవాళ్లకు నేను లైనక్స్ మింట్, అందులో సినమన్ డెస్క్‌టాప్ ఉన్నది చెబుతాను. మెనూ కింద ఎడమ వైపున, టాస్క్‌బార్ కిందనే ఉంటాయి కాబట్టి కనీసం నాలుగు స్విచ్‌లు పాత గోడ మీదే దొరుకుతాయి. ఉబుంటు, ఫెడోరా కూడా బాగుంటాయి. పోట్లాట వద్దు.

[గడియారం చూసి]

టైమ్ లేదు, మిగతాది గబగబా చెప్పేస్తా. ముందు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి బ్యాకప్. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాంతో డిస్ట్రో ఐఎస్‌ఓ ఫైలుని దాని మీద రాయండి. దాంతో బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌లో నడుస్తుంది, సామాను తేకుండా ఒక రాత్రి పడుకుని చూసినట్టు. వైఫై, సౌండ్, ప్రింటర్, స్లీప్ అన్నీ అప్పుడే చూసుకోండి. వైఫై అక్కడ రాకపోతే ఇన్‌స్టాల్ చేశాక దానంతటదే వస్తుందని ఆశపడొద్దు.

రెండు ఇళ్లూ ఉంచుకుంటానంటే, అదే డ్యూయల్ బూట్, మూడు సంగతులు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. బూట్ సెట్టింగులు కదిలితే విండోస్ అదడుగుతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, లైనక్స్‌లో విండోస్ డ్రైవ్ తెరిచినా దాని మీద రాయనివ్వదు. మూడోది గడియారం. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం పెడుతుంది, లైనక్స్ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) పెడుతుంది. అటూ ఇటూ మారినప్పుడల్లా టైమ్ తప్పు చూపిస్తుంది. దాన్ని సరిచేసే కమాండ్ ఇదిగో స్క్రీన్ మీద ఉంది, ముందు సుడో లేదు, అయినా చదివే కొట్టండి.