ముందు ధరలు చదవండి పంతులుగారూ

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నగర గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని నాకో చీటీ ఇచ్చారు. నాకు ముందు మాట్లాడినవాళ్ళంతా అవే పేర్లు అదే వరసలో చదివారు. నేను కూడా చదివితే ఆ పెద్దలకే ఆవలింతలొస్తాయి. అందరికీ కలిపి ఒక్క దణ్ణం. శాలువా వద్దన్నానండి, అయినా కప్పేశారు. సరే, చలికాలం కదా, ఉంచుకుంటాను.

నాకిచ్చిన అంశం ‘గ్రంథాలయాల్లో ఉచిత కార్యక్రమాలు, ప్రజల పాత్ర’. కాగితం మీద పాయింట్లు రాసుకొచ్చాను. పోస్టాఫీసు కౌంటరులో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, లెక్క తప్పకుండా మాట్లాడదామనే వచ్చాను. గుమ్మంలో వారోత్సవాల కరపత్రం చేతికిచ్చారు. 14న బాలల దినోత్సవం, తర్వాత పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, కవి సమ్మేళనం, మహిళలకి ముగ్గుల పోటీ, 20న బహుమతులు. బాగుందండి. ముగ్గుల పోటీ గ్రంథాలయంలో ఎందుకో నాకు అర్థం కాలేదుగాని, ఆ వంకనైనా ఆడవాళ్ళు ఈ గేటు దాటి వస్తున్నారు కదా, పెట్టండి. నా అనుమానమల్లా 21వ తేదీ గురించి. ఆ రోజు సాయంత్రం ఈ హాల్లో ఏముంటుంది? తాళం ఉంటుంది.

ఆ కరపత్రం కింద పెద్ద అక్షరాల్లో ‘ప్రవేశం ఉచితం’ అని వేశారు. ఇక్కడే నాకు పేచీ. ఉచితం ఎక్కడిదండీ? మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూసుకోండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని రూపాయి ఇంటిపన్నుకి 8 పైసలు గ్రంథాలయానికి కడుతున్నాం. ఇంటిపన్ను 1,000 రూపాయలైతే 80 రూపాయలు. అద్దెకున్నవాళ్ళు కూడా అద్దెలో కలిపి కడుతున్నట్టే. ఈ ఫ్యాను, ఈ మైకు, ఈ కుర్చీ, నాకు కప్పిన శాలువాతో సహా మనం ముందే డబ్బు కట్టేసినవి. కట్టినవాళ్ళు వచ్చి అడగాలి. వసూలు చేసిన ఆ 8 పైసలు గ్రంథాలయానికి జమ చెయ్యకుండా ఏళ్ళ తరబడి అట్టేపెట్టుకునే చోట్లు కూడా ఉన్నాయి. అది ఇంకో రోజు మాట్లాడతాను, లేకపోతే ఈ సభ ఇప్పట్లో అవదు.

సరే, పాయింటుకొస్తాను. అసలు గ్రంథాలయంలో మొట్టమొదటి ఉచిత కార్యక్రమం ఏమిటో తెలుసా అండి? ఒకడు చదవడం, పదిమంది వినడం. నేనది చూశాను. మా కాలువగట్టు మీద చూశాను.

మా నాన్న పడవ మీద బతికిన మనిషి. ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువ మీద బియ్యం, కొబ్బరికాయలు, అరటిగెలలు, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. గాలి ఉంటే తెరచాప, గాలి లేకపోతే గెడ, అదీ సాగకపోతే మనిషి గట్టెక్కి తాడు భుజాన వేసుకుని లాగడం. ఇప్పటి పిల్లలకి కాలువంటే చేలకి నీళ్ళిచ్చేది. ఆ రోజుల్లో అది మాకు రోడ్డు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని, దానివల్ల పంటలు పండాయని అందరూ చెబుతారు. ఆ కాలువల మీద ఎన్ని వేల మంది తాడు లాగి బతికారో ఏ సభలోనూ ఎవరూ చెప్పరు. నేను కూడా వివరంగా చెప్పలేను, టైము లేదు.

కాలువలో నీటిమట్టం మారేచోట తలుపులుండే లాకు దగ్గర పడవలు ఆగాలి. ఒక తలుపు మూసి, నీళ్ళు సమానమయ్యాక రెండో తలుపు తీస్తారు. సాయంత్రాలు వరస పెరిగితే చాలా సేపు కాపు కాయాలి. మా ఊరి లాకుకి కూతవేటు దూరంలో ఓ పెంకుటిల్లు ఉండేది, ముందు పెద్ద అరుగు. అదే గ్రంథాలయం. బడి నుంచి రిటైరైన ఒక పంతులుగారు చీకటి పడ్డాక అరుగు మీద లాంతరు పెట్టుకుని పేపరు పైకి చదివేవారు. జీతం లేదు, నాతం లేదు. గొంతు మాత్రం ఉంది, అవతలి గట్టుకి వినిపించేది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఆ పేపరు మా ఊరికి తెచ్చేది మా నాన్నే. రాజమండ్రిలో రైలు దిగిన కట్ట ధవళేశ్వరం చేరితే, అక్కడ పడవలో పడేసేవారు. రోడ్లు సరిగా లేని రోజులు. కట్ట తడవకుండా గోనెపట్టా కప్పి తీసుకొచ్చి పంతులుగారి చేతిలో పెట్టేవాడు. అందులో ఏముందో మా నాన్నకి తెలియదు, ఒక్క అక్షరం రాదు. దారంతా దాన్ని పక్కనే పెట్టుకుని, సాయంత్రం అరుగు మీద కూర్చుని అందులో సంగతులు వినేవాడు. నిన్నటి పేపరండి. అయినా మాకది ఇవాళ్టిదే.

పంతులుగారు సంపాదకీయంతో మొదలుపెట్టేవారు. ఆయనకదిష్టం. చైనా, అమెరికా, పంచవర్ష ప్రణాళిక. పడవలవాళ్ళు పాపం మర్యాదగా ఊకొట్టేవాళ్ళు. ఒకరోజు వెనకనుంచి ఒకాయన లేచి, “ముందు ధరలు చదవండి పంతులుగారూ! నెహ్రూగారు రేపు కూడా ఉంటారు, కొబ్బరి ధర ఉండదు” అన్నాడు. అరుగంతా ఒకటే నవ్వు. పంతులుగారికి కోపం వచ్చింది. లాంతరు ఒత్తి తగ్గించి కాసేపు మాట్లాడలేదు. తర్వాత పేజీ తిప్పి అంబాజీపేట కొబ్బరి, అనకాపల్లి బెల్లం, బియ్యం, మిర్చి వరసగా చదివారు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. ముందు ధరలు, తర్వాత వాన కబురు, ఆఖర్న చైనా. నన్నడిగితే గ్రంథాలయ కార్యక్రమం ఎలా తయారుచెయ్యాలో చెప్పే పాఠం అంతా ఆ ఒక్క అరుపులో ఉందండి. ఏం కావాలో వచ్చినవాడు చెప్పాలి. కరపత్రం అచ్చేసేవాళ్ళు చెప్పకూడదు. కమిటీవారు ఏమీ అనుకోవద్దు.

కొన్నాళ్ళకి ఆడవాళ్ళు కూడా చేరారు. అరుగెక్కేవారు కాదు, పక్కన రావిచెట్టు కింద కూర్చునేవారు. మా అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చునేది. వారపత్రిక వచ్చిన రోజు సీరియల్ చదివేవారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు పేపరు సైకిలు మీద వచ్చేది. పడవలు లేకపోయినా జనం మాత్రం వచ్చేవారు.

ఆ తర్వాత ఒక పెద్దమనిషి వచ్చాడండి. ఏ ఊరో, ఏ పదవో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. ఇది గ్రంథాలయమా సంతా అన్నాడు. రెండు రోజుల్లో బోర్డు వేలాడింది. ‘నిశ్శబ్దం పాటించండి.’ పంతులుగారు గొంతు తగ్గించారు. వెనకవాళ్ళకి వినపడదు. చెట్టు కిందకి మార్చారు. వానొస్తే ఎక్కడికి పోతాం? మా నాన్న మాత్రం మామూలుగానే అరుగు మీద కూర్చుని పక్కవాళ్ళతో కబుర్లు చెబుతున్నాడు, ఆ బోర్డు కిందే. ఒకరోజు నన్ను అడిగాడు, “అందులో ఏం రాసుందే అమ్మా?” అని. నేను అప్పుడు మూడో తరగతి. కూడబలుక్కుని చదివాను. ఆయన పగలబడి నవ్వాడు. “చదువు రాకపోబట్టి ఇన్నాళ్ళు హాయిగా కూర్చున్నాను” అన్నాడు. మర్నాటినుంచి పేపరు కట్ట తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి అడుగు పెట్టకుండా పడవకి వెళ్ళిపోయేవాడు. పేపరు తెచ్చిన మనిషికి ఆ పేపర్లో ఏముందో వినే చోటు లేకుండా పోయింది.

ఇక్కడ ఎవరో చీటీ పంపారు. ‘ఐదు నిమిషాలు.’ సరేనండి.

వెనక వరసలో డీఎస్సీకి, గ్రూప్ 2కి చదివే పిల్లలు చిరాకు పడుతున్నారు, కనపడుతోంది. బాబూ, మీకు నిశ్శబ్దం కావాలి, కాదనను. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని వచ్చి, సొంత పుస్తకాలు తెచ్చుకుని, రాత్రి తలుపులేసేదాకా కూర్చుంటున్నారు. మీ వల్లే ఇవాళ గ్రంథాలయాల్లో జనం కనపడుతున్నారు. మీ గది మీకుండాలి, దాని తలుపు మూసుండాలి. నేనడిగేది ఈ వరండా. ఈ హాలు. గొంతెత్తి మాట్లాడుకునే చోటు ఒకటి.

ఇదేమన్నా నేను కొత్తగా కనిపెట్టిందా? గ్రంథాలయోద్యమ పితామహుడని వీరి ఫోటోకి ఇందాక దండ వేశారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు, 1890లో మన కొంకుదురులో పుట్టారు. గ్రంథాలయ యాత్రలని ఊరూరూ తిరిగారు. ఊరికే పుస్తకం చేతిలో పెడితే జనం వస్తారని ఆ తరం నమ్మలేదు. పాటలు, హరికథలు, ఉపన్యాసాలతో పిలిచారు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగితే అధ్యక్షపీఠం మీద కూర్చున్నది ఎవరనుకుంటున్నారు? తణుకు దగ్గర ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకి కంటిచూపు చాలదు. చూపు పోయిన ఇంగ్లీషు కవి మిల్టన్ పేరు పెట్టి ఆంధ్ర మిల్టన్ అని పిలిచేది అందుకే. పక్కన ఒకరు చదివితే విని, ఒకరు రాస్తుంటే చెప్పిన మనిషి మన గ్రంథాలయాల మొదటి సభకి అధ్యక్షుడు! ‘నిశ్శబ్దం’ బోర్డు కింద ఆయన్ని ఎక్కడ కూర్చోబెడతారో మీరే చెప్పండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, కడుపుమంట. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు పడవెక్కి ఊళ్ళకి వచ్చేవి. ఎక్కడండీ? పెదపాలెంలో, కృష్ణా కాలువ మీద! ఇన్ని పడవలు మన దగ్గర పెట్టుకుని, ఆ పేరు కృష్ణా కాలువవాళ్ళకి పోయింది. మనకీ గొప్పలు లేకపోలేదు. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే భూపతిరాజు తిరుపతిరాజుగారు వీరేశలింగం పంతులుగారి పేరున గ్రంథాలయం పెట్టారు. మర్నాడే అన్నట్టు 1898లో రాజమండ్రిలో కుర్రవాడైన నాళం కృష్ణారావుగారు వసురాయ గ్రంథాలయం పెట్టారు. అదే పెరిగి గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. వాళ్ళెవరూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేదాకా ఆగలేదు.

అందుకని నేనూ ఆగదలచుకోలేదు. మన గ్రంథాలయాలకి వారం సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటాయి. ఈ సంగతి ఊళ్ళో సగం మందికి తెలియదు. ఆదివారం అందరికీ సెలవు కదా, మూసుంటుందేమో అనుకుని ఇంట్లో టీవీ పెట్టుకుంటారు. లైబ్రేరియన్‌గారితో మాట్లాడాను. వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటల నుంచి ఈ వరండాలో పేపరు పైకి చదువుతాను. గొంతు ఇంకా బాగానే ఉంది, ఇంతసేపూ మీరు విన్నారు. ముందు ధరలే. రైతుబజారు కూరగాయలు, కొబ్బరి, బంగారం కూడా చదువుతాను, ఆడవాళ్ళడిగారు. తర్వాత పిల్లలకి ఒక కథ. ఆ తర్వాత, ఫోనులో పెన్షన్ సంగతి ఎలా చూసుకోవాలో తెలియనివాళ్ళుంటారు, ఆన్‌లైన్ దరఖాస్తు అంటే భయపడేవాళ్ళుంటారు. పోస్టాఫీసులో జీవితమంతా మనియార్డరు ఫారాలు నింపినదాన్ని, ఈ సెల్‌ఫోను నాకూ సరిగా రాదు. డీఎస్సీ పిల్లల్లో ఒక్కరు వారానికి అరగంట ఇస్తే చాలు. టీచరు పోస్టుకే కదా చదువుతున్నారు, ప్రాక్టీసు అవుతుంది.

చెరువులు, మడుగుల దగ్గర రొయ్యల పనికి వెళ్ళే ఆడవాళ్ళు సాయంత్రం ఈ వీధినే ఇంటికెళతారు. ఆటోస్టాండు ఎదురుగానే ఉంది. వాళ్ళని పిలవాలి. కరపత్రం ఇస్తే చాలదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పాలి. ఎవరు వెళతారు? చేతులెత్తండి. రెండే చేతులా? ముందు వరసలో పెద్దలు ఎవరూ ఎత్తలేదే! సరే, రెండు చాలు మొదలుపెట్టడానికి.

బయట రిజిస్టరు బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. వెళ్ళేటప్పుడు మీ పేరు, ఏం చెయ్యగలరో రాయండి. చదవగలిగితే చదువుతానని, బెంచీలు మోయగలిగితే మోస్తానని, కాఫీ ఇవ్వగలిగితే అదీ రాయండి. ఏం వినాలనుందో కూడా రాయండి. రాయడం రానివాళ్ళు నా దగ్గరికి రండి, నేను రాస్తాను. పెన్ను మాత్రం దారంతో కట్టేశాను. పోస్టాఫీసు అలవాటు, మన్నించాలి. నమస్కారం.