నాలుగు వాట్ల గొంతు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా హైవేల మీద తిరిగే పెద్ద లారీల్లో డ్రైవరు చేతికందేలా మెలికల వైరుతో ఒక మైకు వేలాడుతుంటుంది. అదే సిటిజన్స్ బ్యాండ్, ముద్దుగా సీబీ రేడియో. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానళ్లు. లైసెన్సు అక్కర్లేదు, పరీక్ష లేదు, నెలనెలా బిల్లు లేదు. 1958లో ఇది 23 ఛానళ్లతో మొదలైంది. 1973 చమురు సంక్షోభంలో డీజిల్ ఏ బంకులో ఉంది, పోలీసులు ఎక్కడ కాపు కాశారు అని లారీలవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నది దీని మీదే. గిరాకీ పెరిగి 1977 నుంచి ఛానళ్లు 40 అయ్యాయి.

వీటిలో 19వ ఛానల్ లారీవాళ్ల కబుర్లకి. 9వ ఛానల్ మాత్రం ఆపదలో ఉన్నవాళ్ల కోసం, దారిలో సాయం కావలసినవాళ్ల కోసం చట్టం విడిగా ఉంచింది. ఈ ఛానల్‌ని చెవి ఒగ్గి వినడానికి రియాక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది, 1962లో పుట్టింది.

ఏఎంలో మాట్లాడే సీబీ సెట్టుకి అనుమతించిన శక్తి 4 వాట్లు. కారులో పెట్టుకుంటే మామూలుగా కొన్ని మైళ్ల దూరం వినిపిస్తుంది. కానీ కొన్ని రోజుల్లో అదే 4 వాట్లు రెండు, మూడు వేల కిలోమీటర్ల అవతల తేలుతుంది. సీబీవాళ్లు దీన్ని స్కిప్ అంటారు. భూమికి చాలా ఎత్తున అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొర ఉంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో అది గట్టిపడి 27 మెగాహెర్ట్జ్ తరంగాన్ని కిందికి వంచి పంపుతుంది. ఈ మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి ఉధృతమవుతాయి. 2024లో అలాంటి దశే చూశాం. అవి తక్కువగా ఉన్న ఏళ్లలో కూడా వేసవిలో అయనోస్ఫియర్‌లోనే ఉండే మరో పొర ఉన్నట్టుండి దట్టమై ఇదే పని చేస్తుంది.

ఒహాయోలో కూర్చుని అరిజోనా మనిషితో మాట్లాడటం సరదాగానే ఉంటుంది, ఎవరూ కాదనరు. అయితే ఆ తరంగం పైకెళ్లి దూరంగా దిగుతుంది కాబట్టి మధ్యలో వందల కిలోమీటర్ల నేలకి వినిపించదు. అంటే 9వ ఛానల్ వింటున్న మనిషికి ఎక్కడో దూర రాష్ట్రపు గొంతు ఖంగున వినిపిస్తుంటే, పది మైళ్ల అవతల గుంటలో పడ్డ కారు డ్రైవరు గొంతు అందకపోవచ్చు. పైగా ఏఎంలో రెండు స్టేషన్లు ఒకేసారి పలికితే రెంటి క్యారియర్లూ, అంటే మాటని మోసే తరంగాలు, కలిసి ఈల వేస్తాయి. డజను స్టేషన్లు కలిస్తే ఇక మాట మిగలదు, హోరే.

ఆ హోరు సగం ప్రకృతి చేసేదే. మిగతా సగం మనుషులది. 4 వాట్లు చాలవని వందలు, వేల వాట్ల యాంప్లిఫయర్లు తగిలించేవాళ్లు ఉన్నారు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1978లోనే వీటి అమ్మకాన్ని నిషేధించినా దొరుకుతూనే ఉన్నాయి. వీళ్లు ఎక్కువగా చేరేది 6వ ఛానల్లో. 27.025 మెగాహెర్ట్జ్. 9వ ఛానల్ 27.065. మధ్య తేడా 40 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఓవర్‌గా తోసిన యాంప్లిఫయర్ తన ఛానల్లోనే ఉండదు, పక్క ఛానళ్ల మీదికి చిందుతుంది. పక్కింట్లో మైకు సెట్టు పెడితే మన గది తలుపు మూసి ఏం లాభం? పైగా అది తన పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గర కూడా చిందుతుంది. 27కి రెట్టింపు 54, అంటే పాత టీవీల రెండో ఛానల్ మొదలయ్యే చోటు. సీబీ మనిషి మైకు నొక్కితే పక్కవాళ్ల బొమ్మ చెదిరేదంటే కారణం అదే.

ఒకప్పుడు 155 మైళ్లు దాటి మాట్లాడటమే నేరం. 2017లో ఎఫ్‌సీసీ ఆ నిబంధన తీసేసింది. నా మటుకు అది సరైన పనే. పైన వంగే తరంగాన్ని మైళ్ల లెక్కతో ఆపమంటే ఎవరి తరం? కాపాడుకోవలసింది రెండింటిని: వాట్ల పరిమితిని, 9వ ఛానల్‌ని.

మరి స్కిప్ మీదే నిజమైన ఆపద కబురు వస్తే? "ఇంటర్‌స్టేట్ 40, మైలు 100 దగ్గర యాక్సిడెంట్" అని వినబడిందనుకోండి. మైలురాళ్ల లెక్క ప్రతి రాష్ట్రపు సరిహద్దులో మళ్లీ మొదలవుతుంది. ఆ మైలు 100 న్యూ మెక్సికోలో ఉంది, ఓక్లహోమాలో ఉంది, టెనెసీలో కూడా ఉంది. కాబట్టి ముందు మైకు నొక్కకండి, దగ్గర్లోవాళ్లు ఎవరైనా జవాబిస్తారేమో కాసేపు వినండి. ఎవరూ పలకకపోతే మీరు పలికి మొదట రాష్ట్రం పేరు, తర్వాత కౌంటీ (మన జిల్లా లాంటిది) లేదా దగ్గరి ఊరు, ఆ తర్వాతే రోడ్డు నంబరు, మైలు అడగండి. స్కిప్ ఏ క్షణానైనా తెగిపోతుంది కాబట్టి ఆ వరస తప్పకూడదు. మీరు అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే అది మీ ప్రాంతపు కేంద్రానికే వెళ్తుంది. ప్రమాదం వేరే రాష్ట్రంలో జరిగిందని, కబురు రేడియోలో విన్నామని మొదటి మాటగా చెప్పి, ఆ రాష్ట్రం, కౌంటీ పేర్లు ఇవ్వండి. అక్కడి కేంద్రానికి వాళ్లు కలుపుతారు. అంతసేపూ రెండో చేత్తో 9వ ఛానల్ వింటూనే ఉండండి, కారులో ఎందరున్నారు, ఎవరికి దెబ్బలు తగిలాయి అన్నది ఇంకా రావలసే ఉంటుంది.