స్లైస్‌కి మందు పట్టులో ఉంది

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మీలో చాలామంది చెప్పిన బాధ ఒకటే, గోల్ఫ్ బంతి కుడివైపుకి వంకర తిరిగి పోతోందని. స్లైస్. నాదీ రెండేళ్లు అదే గోల, గోల్కొండ నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సు పొదల్లో నేను పోగొట్టుకున్న బంతులు ఏరితే ఓ చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పు డ్రైవర్‌ది, అంటే దూరం కొట్టే కర్రదనుకుని కొత్తది కొన్నాను. దాంతో బంతి పొదల్లోకి ఇంకాస్త దూరం పోయింది, అంతే తేడా.

చివరికి ఒక కోచ్ నా స్వింగ్ చూడకుండానే గ్లవ్ విప్పి చూపించమన్నాడు. అరచేతి అడుగున, మణికట్టుకి దగ్గరగా చిల్లు పడి ఉంది. క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, వేళ్లలో కాకుండా అరచేతిలో ఉండి, కొట్టిన ప్రతిసారీ జారుతోందన్నమాట. గల్లీ క్రికెట్‌లో బ్యాట్ పట్టిన చేతులు కదా!

కుడిచేతి వాటం వాళ్లకి చెబుతున్నా, ఎడమ వాటం వాళ్లు తిరగేసి చూసుకోండి. రైతు బజార్ నుంచి కూరల సంచి మోసుకొస్తే దాని పిడి ఎక్కడుంటుంది? వేళ్ల మొదళ్లలో. ఎడమచేతిలో క్లబ్బు కూడా అక్కడే ఉండాలి. పైనుంచి చూస్తే రెండు మెటికలు కనబడాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి భుజం వైపు చూడాలి. చెయ్యి మరీ ఎడమకి తిరిగి ఉంటే, బంతికి తగిలే క్షణంలో క్లబ్ ఫేస్, అంటే బంతిని కొట్టే ముఖం, కుడికి తెరుచుకుపోతుంది. అప్పుడు మనం తెలివిగా ఎడమకి గురిపెట్టి, అడ్డంగా కోసినట్టు కొడతాం, స్లైస్ ఇంకా ముదురుతుంది.

అమెరికన్ గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్‌ది దీనికి పూర్తిగా ఉల్టా, బంతి ఎడమకి వంకర తిరిగి హుక్ అయ్యేది, ఆయన ఎడమచేతిని కాస్త ఎడమకి తిప్పి దాన్ని అదుపు చేసుకున్నాడు. అందుకే యూట్యూబ్‌లో ఎవరి పట్టో చూసి కాపీ కొట్టకండి, ముందు మీ బంతి ఎటు పోతోందో చూడండి.

ఇంకోటి, క్లబ్బుని పిసకొద్దు. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకి మించదు, క్రికెట్ బంతిలో మూడోవంతు కూడా ఉండదు. దానికోసం పళ్లు బిగబట్టి, మోచేతులు కర్రల్లా చేసుకుంటే మణికట్టు తిరగదు.

ఇక నిలబడడం. గచ్చిబౌలిలో రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే వీపులు మనవి, బంతి దగ్గరా అలాగే గూనిగా వంగుతాం, భుజాలు తిరగవు. వంగాల్సింది నడుములో కాదు, తుంటి దగ్గర. అవే కూరల సంచులు రెండు చేతుల్లో ఉన్నప్పుడు కారు తలుపుని పిరుదులతో వెనక్కి నెట్టి మూస్తారే, అదీ కదలిక. మోకాళ్లు కొంచెం సడలించి, బరువు మడమల మీద కాకుండా పాదాల మధ్యకి తెచ్చి, చేతుల్ని ఊరికే వేలాడనివ్వండి. అవి ఎక్కడ వేలాడితే పట్టు అక్కడే.

పట్టు మార్చిన మొదటి వారాలు ఘోరంగా ఉంటాయి, ముందే చెబుతున్నా. బంతి ఎటు పడితే అటు పోతుంది. టెన్షన్ పడి పాత పట్టుకి పోవద్దు, ఇంట్లో టీవీ చూస్తూ బంతి లేకుండా రోజూ పది నిమిషాలు పట్టుకుని వదలండి.

సరే, మాటలు చాలు. అందరూ గ్లవ్‌లు తీసి చూపించండి, చిల్లులు ఎక్కడున్నాయో చూద్దాం.